గృహిణీ విజ్ఞానము: పాత పికప్పు బండికి ఏ నూనె?

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు చెప్పుదురు. ఎద్దుబండి యిరుసునకు ఆముదము పట్టింపనిచో అది ఊరెల్ల వినునట్లు కీచుమని మొఱపెట్టును. బండివాడు ఆ గోల భరింపలేకయైనను కందెన వేయును. మోటారుబండి యట్టిది కాదు. నూనె తగ్గినను అది చాలదూరము ఊరకయే నడచును; మొఱపెట్టు నాటికి యింజను చెడియే యుండును.

ఈ నెల మాకు వచ్చిన జాబులలో నొకటి కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రెస్నో ప్రాంతమునుండి ఒక తెలుగు సోదరి వ్రాసినది. వారికి 1993వ సంవత్సరపు టయోటా పికప్పు బండి కలదు. పూలమొక్కలను పెంచి వారపు సంతలలో అమ్ముట వారి జీవనము. ఇంతకాలము బండి సంగతి భర్తగారు చూచుకొనుచుండిరి. ఇప్పుడాయన ఉద్యోగరీత్యా దూరమున నున్నారు. “అంగడిలో నూనెడబ్బాలు వరుసలు వరుసలుగా నున్నవి. ఒకరు చిక్కనిది కొనుమనిరి. ఒకరు డీసెలు బండ్ల నూనె పోయుమనిరి. అంగడివాడు అన్నిటికంటె ఖరీదైనదానిని చూపినాడు. ఈ బండి చెడినచో మఱియొకటి కొను శక్తి మాకు లేదు. ఏది కొనవలెను?” అని వారి ప్రశ్న.

ముందు జవాబు చెప్పి, పిదప కారణములు చెప్పెదము. సోదరీ, మీ ప్రాంతమునకు 10డబ్ల్యూ-30 అను గుర్తుగల నూనె చాలును. డబ్బాపై ఏ.పి.ఐ. ముద్రలో ఎస్.పి. అనియో, 2025లో వచ్చిన ఎస్.క్యూ. అనియో యుండవలెను. అంతకుమించి పేరునకును ఖరీదునకును ప్రాకులాడ నక్కఱలేదు.

ఇక ఆ అంకెల అర్థము. మార్గశిరమాసపు ఉదయమున గిన్నెలోని నెయ్యి గరిటెకు లొంగదు. పొయ్యిమీద పెట్టినంతనే నీరువలె పాఱును. యింజనులోని నూనెకును చలికి చిక్కబడుట, వేడికి పలుచబడుట సహజగుణములే. తెల్లవాఱి బండి కదలింపగనే అది త్వరగా పైకెక్కి ప్రతి భాగమును తడుపవలెను. యింజను కాగిన తరువాతను ఇనుమునకు ఇనుమునకు నడుమ పొరగా నిలువవలెను. డబ్ల్యూ అను నక్షరము చలికాలమును దెలుపును. దాని ముందరి అంకె ఎంత చిన్నదైన, చలిలో ఆ నూనె అంత సులభముగా పాఱును. వెనుకటి అంకె ఎంత పెద్దదైన, వేడిలో అంత చిక్కగా నుండును. మీ ఊర వేసవిలో ఎండ తఱచుగా 38 డిగ్రీలు దాటును. శీతకాలపు వేకువలందు మంచు గడ్డకట్టునంతటి చలియు కలదు. ఈ రెంటికిని 10డబ్ల్యూ-30 తట్టుకొనును. మఱింత చలిప్రదేశముల సోదరీమణులు 5డబ్ల్యూ-30 వాడుట మేలు. ఎవ్వరైనను బండితో వచ్చిన పుస్తకములోని పట్టికను ఒకమారు చూచుకొనవలెను.

చిక్కని నూనెయే బలమైనదనుట పలువురి భ్రమ. మితిమీఱి చిక్కనిది ఉదయమున మెల్లగా పైకెక్కును. ఆ కొద్దిక్షణములలోనే భాగములు పొడిగా రాచుకొనును.

డీసెలు నూనె పోయుమన్నవారి మాటలోను కొంత నిజము లేకపోలేదు. ఈ బండిలోని 22ఆర్-ఇ యింజను నాలుగు సిలిండర్లది, 2366 ఘనసెంటీమీటర్ల పరిమాణము గలది. ఇందు క్యాము, దానిపై నాడు రాకరులు నేరుగా రాచుకొనును. డీసెలు నూనెలలో అరుగుదల నాపు తుత్తునాగము, భాస్వరము సాధారణముగా ఎక్కువగా నుండును. కావుననే పాతబండ్లవారు కొందఱు వానిని మెచ్చుకొందురు. కాని ఆ భాస్వరమే పొగగొట్టములోని శుద్ధిపరికరమునకు కీడు. యింజను నూనెను కాల్చుచున్నచో మఱింత కీడు. మీ రాష్ట్రమున ఇట్టి బండికి రెండేండ్లకొకమారు పొగపరీక్ష తప్పదు. అందుచేత ఆరోగ్యముగానున్న యింజనునకు ఆ మార్గము మేము చెప్పము.

చౌకకొట్లలో ఎస్.ఏ. అను గుర్తుగల డబ్బాలు కనబడినచో ముట్టవలదు. అది 1930కి తరువాతి యింజనులలో అధికభాగమునకు తగనిదని ఏ.పి.ఐ. వారే హెచ్చరించియున్నారు.

నూనె నెన్నుకొనుట ఇంతటితో ముగిసినది. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఈ బండి మిక్కిలి గట్టిదని లోకమున పేరు. ఆ పేరే దీనికి చేటు తెచ్చుచున్నది. గట్టిదిగదా యని దాని మూత తెఱచి చూచువారుండరు. ఈ యింజనులోని టైమింగు గొలుసును బిగువుగా నుంచు సాధనము నూనె ఒత్తిడితో పనిచేయును. ఆ గొలుసునకు దారిచూపు ప్లాస్టిక్కు పట్టీలు కాలము గడచినకొలది పెళుసెక్కి విఱుగును. అవి విఱిగినచో గొలుసు ప్రక్కమూతను ఒరసి ఒరసి తుదకు చిల్లి చేయును. అప్పుడు రేడియేటరు నీరు నూనెలో కలియును. ఉదయమున బండి కదలింపగనే ముందుభాగమున గలగల శబ్దము వినబడినను, నూనె పాలుకలిపిన కాఫీ రంగు తిరిగినను బండి నడుపక మేస్త్రీకి చూపింపుడు.

మా యింట జరిగినది చెప్పుటకు సిగ్గగుచున్నది. చాల యేండ్ల క్రిందట మాకొక పాత కారుండెడిది. నూనె మార్చు తేదీని గోడమీది పంచాంగమున వ్రాసికొంటిమే కాని నడుమ ఒక్కనాడును కొలిచి చూడలేదు. అది నూనెను కాల్చుచుండెను. ఒక సాయంకాలము ఎఱ్ఱదీపము వెలిగినది. ఇల్లు రెండు మైళ్ళే కదా యని నడిపితిమి. ఆ రెండు మైళ్ళలో బేరింగులు మాడిపోయినవి. బాగుచేయుటకు కారు విలువకంటె ఎక్కువ యడిగిరి. ఆ దీపము వెలిగినంతనే ఉన్నచోటనే బండి నాపవలెనని మేము నేర్చుకొనుటకు చెల్లించిన మూల్యమది.

కావున ఈ పద్ధతి ననుసరింపుడు. వారమునకొకమారు బండిని చదునైన నేలపై నుంచి, యింజను ఆపి కొన్ని నిమిషములు తాళుడు. నూనె చూచు గేజికమ్మిని తీసి, గుడ్డతో తుడిచి, మరల పెట్టి తీయుడు. నూనె రెండు గుర్తుల నడుమ నుండవలెను. తగ్గినచో కొంచెము కొంచెముగా పోయుడు. పై గుర్తు దాటనీయరాదు. బరువులు మోయుచు, దుమ్ములో కొద్దికొద్ది దూరములు తిరుగు మీ బండికి నాలుగువేల మైళ్ళకు గాని, ఆఱు నెలలకు గాని, ఏది ముందైన దానికి నూనెయు ఫిల్టరును మార్చుట మా సలహా. ఫిల్టరు రబ్బరుచుట్టుకు క్రొత్తనూనె పూసి చేతితోనే బిగింపుడు. అడుగుబోల్టునకు క్రొత్త వాషరు వేయుడు. ఫిల్టరుతో సహా సుమారు 4.3 లీటర్లు పట్టును. ముందు నాలుగు లీటర్లు పోసి, కొలుచుకొని మిగిలినది పోయుడు. తీసిన నూనెను మట్టిలోగాని కాలువలోగాని పాఱబోయరాదు. మీ రాష్ట్రమున దానిని తీసికొను కేంద్రములు కలవు. డబ్బాలో పోసి అచ్చట నిచ్చిరండు.

ఉప్పుజాడీయు ఊరగాయకుండయు మూత తీసి చూచుకొను గృహిణికి గేజికమ్మి చూచుట కష్టమైన పని కాదు. ఇంటిలో ఏ మాటయు అనక చాకిరిచేయువారి కుశలమును ఎవ్వరును అడుగని సంగతి మన సోదరీమణులకు మేము చెప్పనక్కఱలేదు. ఈ బండియు ఆ కోవలోనిదే. వారమునకొకమారు దాని కుశల మడుగుడు.