అంజలి ఘటించిన రాజు

తిరుమల మహాద్వారం దాటి లోనికి ప్రవేశించిన భక్తునికి కుడివైపున ప్రతిమామండపం ఉన్నది. అందులో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవీ సమేతుడై, అంజలి ఘటించి నిలిచి ఉన్నాడు. 1513 నుండి 1521 వరకు ఏడు పర్యాయాలు స్వామిని సేవించుకొన్న ఆ ప్రభువు 1517లో ఈ లోహప్రతిమలను నెలకొల్పించాడు. దర్శనపు తొందరలో చాలమంది ఆ వైపు చూడరు. చూడవలసిన ప్రతిమలవి.

పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు రాయలను ప్రత్యక్షంగా చూచి, ఆయన మధ్యమ ప్రమాణం గలవాడనీ, కొంత స్థూలకాయుడనీ, ముఖాన మశూచి మచ్చలున్నాయనీ వ్రాశాడు. తిరుమల ప్రతిమలో ఆ మచ్చలు లేవు. ఆ స్థౌల్యమూ లేదు. అంతమాత్రాన శిల్పి అసత్యమాడినట్లా? యథాతథ సాదృశ్యం ఈ దేశానికి తెలియని విద్య కాదు. 12వ శతాబ్దపు చాళుక్య ప్రభువు సోమేశ్వరుని మానసోల్లాసం, అద్దంలోని ప్రతిబింబాన్ని పోలిన చిత్రానికి విద్ధచిత్రమని పేరే పెట్టింది. కనుక తిరుమల శిల్పి రూపాన్ని పట్టలేక విడువలేదు, స్వరూపాన్ని పట్టదలచాడు. శ్రీవైష్ణవ సిద్ధాంతంలో జీవునికి స్వరూపం శేషత్వమే. దేహం స్థూలమైనా కృశమైనా, రాజ్యం ఉన్నా పోయినా, భగవంతునికి తాను శేషభూతుడనే సంబంధం చెడదు. ముకుళిత హస్తాలలో శిల్పి చూపినది దానినే. పొడవైన కుళ్ళాయి రాచరికానికి గుర్తుగా మిగిలింది, అంతే.

రాయలు తెలుగువాడా, కన్నడిగుడా, తుళువుడా అని నేడు వాదులాడుకొనేవారు కొందరున్నారు. వంశం తుళువ వంశం, రాజధాని కన్నడ సీమలోనిది, ఆముక్తమాల్యద తెలుగు కావ్యం. వాదానికి సామగ్రి పుష్కలం! కాని తన ప్రతిమను ఎక్కడ, ఏ భంగిమలో నిలపాలో నిర్ణయించుకొన్నవాడు ఆయనే గదా. ఆ నిర్ణయాన్ని ఆయన మాటగా ఎందుకు వినరాదు? అదే ఆలయంలో ఉత్తరదేశీయుడైన తోడరమల్లు, తల్లి మోహనాదేవితోను, భార్య పీతాబీబీతోను కలిసి అదే విధంగా చేతులు జోడించి నిలిచి ఉన్నాడు. భాష వేరు, కాలం వేరు, కొలువు వేరు; అంజలి ఒక్కటే. జాతి అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన చిత్తరువు దొరకడం కష్టం.

మానవ ప్రతిమల విషయంలో మన పెద్దలు జాగరూకులు. శుక్రనీతి దేవతాబింబాలనే శ్రేయస్కరాలన్నది. మానవబింబాలు ఎంత చక్కగా చేసినా శ్రేయోదాయకాలు కావన్నది. భాసుని ప్రతిమానాటకంలో భరతుడు ప్రతిమాగృహంలోని పూర్వీకుల విగ్రహాలను దేవతలుగా భావించి నమస్కరించబోతే అక్కడి పూజారి వారిస్తాడు. మృతులకే ప్రతిమలు నిలుపుతారని ఆ పూజారి నోటనే విని, తండ్రి గతించాడని భరతుడు గ్రహిస్తాడు. విశేషమేమంటే, కన్నతండ్రి విగ్రహం ఎదుట ఉన్నా, చూడగానే అది తండ్రిదని భరతునికి తోచదు. సాదృశ్యానికి ఉన్న పరిమితిని కవి ఎంత నిర్దాక్షిణ్యంగా చూపాడు!

ఈ జాగరూకత నేటి ఆలయాల ముంగిట కానరాదు. బ్రహ్మోత్సవాలు వస్తే గోపురం కానరానంతగా ఫ్లెక్సీలు. వాటిపై దాతలూ నాయకులూ భక్తులకు అభిముఖంగా చిరునవ్వులు చిందిస్తారు. దైవానికి వీపు చూపుతారు. స్వామివారి చిత్రం ఒక మూలకు ఒదుగుతుంది. చేతులు జోడించిన చిత్రాలు లేకపోలేదు. కాని ఆ నమస్కారం స్వామికి కాదు, చూపరులకు. దాతృత్వాన్ని స్మరించడంలో దోషం లేదు, దాతలు లేనిదే ఆలయాలు లేవు. దోషమంతా ముఖం తిరిగిన దిక్కులో ఉన్నది. ఉత్సవ నిర్వాహకులు మొగమాటం విడిచి ఈ పద్ధతిని మాన్పించాలి. పేరు నిలవాలని కోరే దాతకు పూర్వాచారం ఒక మార్గం చూపనే చూపింది: భక్తుల పాదధూళి సోకేచోట, గడపరాతిపైననో ప్రాంగణపు బండపైననో, ఆ పేరు చెక్కించవచ్చు.