నూనె ధర ఎక్కడ పుడుతుంది?

2022 వేసవిలో వంటనూనె ప్యాకెట్ ధర చెయ్యి కాల్చినప్పుడు ఇంటా బయటా ఒకటే మాట వినిపించింది: ఉక్రెయిన్ యుద్ధం. అందులో అబద్ధం లేదు. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చేది. ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక నల్లసముద్రం రేవుల్లో ఓడలు కదల్లేదు. అయితే నూనె ధరలు మండటం మొదలైంది అంతకు ముందు ఏడాదే. 2021లో కెనడాలో కరవు వచ్చి కనోలా చేలు ఎండిపోయాయి. ఆ వెంటనే దక్షిణ అమెరికాలో వానలు మొహం చాటేసి సోయా దెబ్బతింది. కరోనా భయంతో మలేసియా సరిహద్దులు మూసేయడంతో పామాయిల్ గెలలు కోసే వలస కూలీలు రాలేదు. కోసేవాళ్లు లేక పండు చెట్టు మీదే కుళ్లింది. యుద్ధం వచ్చి వీటన్నిటి మీదా పడింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆలోచించదగ్గది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పామాయిల్ తీసే ఇండోనేసియాలోనే జనానికి వంటనూనె అందకుండా పోయింది. బయట మంచి ధర పలుకుతుంటే లోపల చవగ్గా అమ్మేదెవరు? విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఏప్రిల్ 28 నుంచి ఎగుమతులు ఆపేస్తున్నామని అధ్యక్షుడు జోకో విడోడో ప్రకటించారు. అక్కడి పాలకులకు ఈ భయం కొత్తది కాదు. 1998లో సుహార్తో మూడు దశాబ్దాల పాలన కూలిపోయిన రోజుల్లో జనాన్ని రగిలించిన ధరల్లో వంటనూనె ధర కూడా ఉంది. 2022 నిషేధం మాత్రం నెల రోజులైనా నిలవలేదు. గెలలు కొనే నాథుడు లేక చిన్న రైతులు రోడ్డెక్కారు. మే 23న దాన్ని ఎత్తేశారు.

ఇన్ని కారణాలు లెక్కపెట్టాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. పశ్చిమ ఆఫ్రికా అడవుల్లో పుట్టిన ఒక చెట్టు మీద ఆసియా వంటిళ్లు ఇంతగా ఎలా ఆధారపడ్డాయి?

1848లో డచ్చివారు జావా దీవిలోని బోగోర్ ఉద్యానవనంలో నాలుగు మొక్కలు నాటారు. వాటి సంతతిని సుమత్రాకు తీసుకెళ్లి చాలాకాలం తోటల బాటల పక్కన అందానికే పెంచారు. తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నూనె కోసం పెంపకం మొదలైంది. అయినా పక్కనున్న మలయాలో, అంటే నేటి మలేసియాలో, రబ్బరుదే రాజ్యం. 1942లో జపాన్ సేనలు మలయాను ఆక్రమించడంతో అమెరికాకు రబ్బరు ఆగిపోయింది. ఆ కొరత పూడ్చుకోవడానికి అమెరికా కృత్రిమ రబ్బరు కర్మాగారాలను పెద్ద ఎత్తున కట్టింది. యుద్ధం ముగిసినా అవి మూతపడలేదు. సహజ రబ్బరు ధర పడుతూ వచ్చింది. 1957లో స్వాతంత్ర్యం తెచ్చుకున్న మలయా ఒక్క రబ్బరునే నమ్ముకుని బతకలేక 1960లలో పామాయిల్ వైపు గట్టిగా మళ్లింది. ఆ దేశపు తోటల్లో తమిళులతో పాటు మన ఉత్తర కోస్తా నుంచి వలస వెళ్లిన కుటుంబాలు కూడా చెమటోడ్చాయి. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో చుట్టుపక్కల వారి సంతతి ఇప్పటికీ ఉంది.

మలేసియా తోటల్లో చెట్టు ఏపుగా ఎదిగేది కానీ, కాయ పట్టడానికి మాత్రం మనిషి చెయ్యి కావాల్సి వచ్చేది. ఈ చెట్టుకు మగపూల గుత్తి వేరు, ఆడపూల గుత్తి వేరు. కూలీలు పుప్పొడి సేకరించి ఆడపూల మీద చల్లుతూ తిరిగేవారు. పుప్పొడిని మోసేది గాలే అని అప్పటి శాస్త్రవేత్తల నమ్మకం. యూనిలీవర్ తోటల్లో పనిచేసే లెస్లీ డేవిడ్సన్‌కు ఆ మాట మనసుకు ఎక్కలేదు. ఆయన కామెరూన్‌లో ఉన్నప్పుడు పూల గుత్తుల చుట్టూ ముక్కుపురుగులు ముసరడం చూశారు. మలేసియాలో అవి లేవు. ఈ అనుమానాన్ని తేల్చే పని పాకిస్తాన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త రెహమాన్ సయ్యద్‌కు అప్పగించారు. ఆయన కామెరూన్ వెళ్లి, ఓపికగా పరిశీలించి, పుప్పొడి మోసేది ఆ పురుగేనని నిరూపించారు. వేరే పైర్లకు హాని చేయదని పరీక్షించి తేల్చుకున్నాకే 1981లో జొహోర్ రాష్ట్రంలోని తోటలో దాన్ని వదిలారు. కొద్ది కాలానికే చేత్తో పుప్పొడి చల్లే పని ఆగిపోయింది. గెలలు నిండుగా పట్టాయి, ఖర్చు తగ్గింది, నూనె చవకైంది. కొన్ని మిల్లీమీటర్ల పొడవైన ఆ ప్రాణి ఏ దేశపు వాణిజ్య ఒప్పందంలోనూ కనిపించదు. కానీ దాని పాత్రను తీసేసి ఈ నూనె కథ చెప్పలేం.

మంచి ఉద్దేశాలు కూడా ఇందులో కారణాలయ్యాయి. గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వుల వివరం ప్యాకెట్ మీద ముద్రించాలని 2006 నుంచి అమెరికా నిబంధన పెట్టింది. బిస్కెట్లు, బేకరీ సరుకులు చేసే కంపెనీలు వనస్పతి లాంటి కొవ్వులు వదిలి, మామూలు వేడిలో పేరుకునే ఉండే పామాయిల్‌ను పట్టుకున్నాయి. భూతాపం తగ్గించాలని ఐరోపా 2003లో జీవ ఇంధనాలను ప్రోత్సహించింది. అక్కడి నూనెగింజలు వాహనాల ఇంధనంలోకి పోతుంటే వంటింట్లో ఏర్పడిన ఖాళీని పామాయిల్ నింపింది. పామాయిల్ కూడా కొంత నేరుగా ఇంధనమైంది. వాతావరణాన్ని కాపాడాలని తెచ్చిన విధానం సుమత్రా, బోర్నియో దీవుల చిత్తడి అడవులు నరికి తోటలు వేయడానికి ఊతమిచ్చింది. 2015లో ఆ నేలల్లో లేచిన మంటల పొగ సింగపూర్‌ను, మలేసియాను వారాల తరబడి కమ్మేసింది. ఇందులో చెడు తలపెట్టినవారిని వెతకడం తేలిక కాదు. అడవికి, అందులోని ఒరాంగుటాన్‌కు మాత్రం నష్టం నష్టమే.

మన దేశం తొంభైల మొదట్లో వంటనూనెల్లో దాదాపు స్వయంసమృద్ధికి చేరింది. 1986లో మొదలైన నూనెగింజల మిషన్ ఫలితం అది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కల్తీ కలిసి పదుల సంఖ్యలో జనం చనిపోతే, విడినూనె అమ్మకాల మీద ఆంక్షలు వచ్చాయి. ప్రాణాల కోసం పెట్టిన ఆ నియమం చిన్న గానుగలను కుంగదీసి, ప్యాకెట్ నూనెకు దారి వేసింది. ఇప్పుడు మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అనంతపురం వేరుశనగ రైతును మొదట దెబ్బతీసింది వానే. అయితే వాన కరుణించి పంట ఇల్లు చేరిన ఏళ్లలో కూడా అతని కాయ ఓడల్లో వచ్చే చవక నూనెతో పోటీ పడాల్సి వచ్చింది.

ఇన్ని సంగతులు ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి కారణం ఉంది. దిగుమతులు తగ్గించాలని కేంద్రం 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ సాగు పథకం ప్రకటించింది. సాగులో ఆంధ్రప్రదేశ్ ముందుంది. తెలంగాణ అశ్వారావుపేట, దమ్మపేటల అనుభవాన్ని ఇతర జిల్లాలకు విస్తరిస్తోంది. లక్ష్యం మంచిదే. వరికన్నా శ్రమ తక్కువని, నెలనెలా కోత ఉంటుందని రైతులూ ఇష్టపడుతున్నారు. కానీ మొక్క నాటాక నాలుగో ఏడు గానీ కాపు రాదు. వచ్చాక పాతికేళ్లకు పైగా తోట నేలను వదలదు. కోసిన గెల 24 గంటల్లో మిల్లు చేరాలి. దాన్ని దాచుకుని ధర కోసం ఎదురుచూడటం కుదరదు. ఏ ప్రాంతపు గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి కొనేవాడిని ఎంచుకోవడమూ కుదరదు. ధర మాత్రం జకార్తా ఉత్తర్వుతో, కెనడా ఎండతో, ఢిల్లీ నోటిఫికేషన్‌తో కదులుతుంది. 2022లో టన్ను గెలలు 20 వేల రూపాయలు దాటాయి, ఏడాది తిరిగేలోపే బాగా దిగివచ్చాయి. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై దిగుమతి సుంకం పెంచితే రైతుకు ఊపిరి వచ్చింది. 2025 మే చివర, కొనేవారి బాధ చూసి, అదే సుంకాన్ని తగ్గించారు. రెండు నిర్ణయాలకూ కారణాలున్నాయి. అయితే ఉత్తర్వు రాత్రికి రాత్రి మారుతుంది, చెట్టు మారదు. కారణాలు ఎన్ని అన్నది కాదు, వాటిలో ఏది ఎంత వేగంగా కదులుతుందన్నదే ఈ విషయంలో అసలు చిక్కు. అన్నిటికన్నా నెమ్మదిగా కదిలేది ఎవరి చేతిలో ఉందో, భారం వారి మీదే పడుతుంది.

తోటలో అంతర పంటగా కోకో వేసుకోమని సలహా ఇస్తారు. ఏలూరు ప్రాంతంలో చాలామంది వేశారు కూడా. ఘనా, ఐవరీకోస్ట్‌లలో పంట పోయి 2024లో కోకో గింజల ధర ఎన్నడూ లేనంత పలికింది. మరుసటి ఏడు పడిపోయింది, రైతులు ఆందోళనకు దిగారు. ఆసరా అనుకున్న పంట కూడా మరో ఖండపు వానకు కట్టుబడే ఉంది.

కేంద్ర పథకంలో హామీ ధర ఏర్పాటు ఉంది. గత ఐదేళ్ల ముడి పామాయిల్ సగటు ధరను ఆధారం చేసుకుని దాన్ని లెక్కగడతారు. ఆ సగటు కూడా అంతర్జాతీయ మార్కెట్ నీడే. తోట పెట్టిన ఖర్చు, కూలి, ఎరువు ధరలు అందులోకి రావాలి. సుంకం మార్చదలచినప్పుడు కొన్ని నెలల ముందు చెప్పే పద్ధతి పెట్టాలి. ఇక మొక్కలు పంచే అధికారులు ఎకరాకు వచ్చే దిగుబడితో, రాయితీతో పాటు గత పదేళ్లలో గెలల ధర నెలనెలా ఎక్కడెక్కడ తిరిగిందో చూపే పట్టికను కూడా, సంతకానికి ముందే, రైతు చేతిలో పెట్టాలి.