ద్వీపాల రికార్డులు ద్వీపాల్లోనే తెరుచుకోవాలి



2020 ఆగస్టు 10న చెన్నై నుంచి అండమాన్ నికోబార్ ద్వీపాలకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు, ఖర్చు రూ.1,224 కోట్లు. అంతవరకు ఉపగ్రహం మీదే నెట్టుకొచ్చిన పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి, ఆ కేబుల్ చేసిన మేలు ఇంతా అంతా కాదు. రంగత్, కార్ నికోబార్ సహా మరో ఏడు చోట్లకూ అది చేరింది.

అయితే ఆసుపత్రి, పాఠశాల, భూమి రికార్డులన్నీ మెయిన్‌ల్యాండ్ క్లౌడ్‌లోనే పెడితే, చెన్నై వైపు కేబుల్ తెగిన రోజున దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్‌లో డాక్టరు ముందు కూర్చున్న రోగి పాత ఎక్స్‌రే తెర మీదికి రాదు. ఆ ఎక్స్‌రే తీసింది ఈ ద్వీపంలోనే అయినా సరే.

అందుకే అండమాన్ నికోబార్ పాలనా యంత్రాంగాన్ని, సమాచార సాంకేతిక శాఖ అధికారులను ఈ లేఖ కోరేది ఒక్కటే: ద్వీపాల్లోనే, సొంత సర్వర్ల మీద, వాటిని ఒకటిగా కలిపి నడిపే కుబర్నెటీస్ క్లస్టర్‌లో నడిచే ఆబ్జెక్ట్ స్టోరేజ్. 2006లో అమెజాన్ ఎస్3తో ప్రాచుర్యంలోకి వచ్చిన పద్ధతే ఇది. పేరు చెప్పి అడిగితే ఫైలు ఇస్తుంది. అదే పద్ధతిలో పనిచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఇవాళ ఎవరైనా నడుపుకోవచ్చు.

ఎంపికలో మాత్రం తొందర వద్దు. చాలామంది కళ్లుమూసుకుని ఎంచుకునే సాఫ్ట్‌వేర్ మినియో. దాని కంపెనీ 2021లో లైసెన్స్ మార్చింది. 2025లో ఉచిత కూర్పు వెబ్ కన్సోల్ నుంచి నిర్వహణ సదుపాయాలను చాలావరకు తీసేసింది. ఆపైన రెడీమేడ్ కంటైనర్ ఇమేజ్‌లు ఇవ్వడమూ మానేసింది. ఒకే కంపెనీ నిర్ణయం మీద ప్రభుత్వ రికార్డులు ఆధారపడటం మంచిది కాదు. కుబర్నెటీస్‌లో రూక్ అనే సాధనంతో నడిచే సెఫ్ గట్టిదే, కానీ మెమరీ ఎక్కువ కావాలి, తెలిసిన చేతులూ కావాలి. ఫ్రాన్స్‌లోని డ్యూఫ్లర్ సంఘం రాసిన గ్యారేజ్ తేలికైనది. ప్రతి ఫైలునూ మూడు వేర్వేరు చోట్ల ఉంచగలదు. ఫెరార్గంజ్, శ్రీ విజయపురం, రంగత్‌లకు అది చక్కగా సరిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు అమరికలో మూడు ప్రతుల్లో రెండు బదులిస్తేనే గ్యారేజ్ ఫైలు ఇస్తుంది. మిగతా రెండు చోట్లతో సంబంధం తెగి రంగత్ ఒంటరిగా మిగిలితే, ప్రతి అక్కడే ఉన్నా తెరుచుకోదు. కాబట్టి అక్కడి ఆసుపత్రి ఫైళ్లకు రంగత్‌లోనే విడిగా మరో నకలు ఉండాలి. డిస్కుల సంగతీ అంతే. సర్వర్ పడిపోతే దాని మీద నడిచే పాడ్‌ను, అంటే ప్రోగ్రామును, కుబర్నెటీస్ మరో సర్వర్ మీద లేపుతుందని అందరూ అనుకుంటారు. లోకల్ డిస్కుకు ముడిపడ్డ పాడ్ అలా కదలదు. ఆ సర్వర్ తిరిగి లేచేదాకా ఆగిపోతుంది. ఒకే ఫైలు ప్రతుల్లో ఏ రెండూ ఒకే సర్వర్‌లో పడకుండా ముందే రాసిపెట్టాలి.

ఇది భూకంపాల ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతం. 2004 డిసెంబరు 26 సునామీని ఇక్కడివారికి ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. అందుకని మెయిన్‌ల్యాండ్‌లోనూ ఒక బ్యాకప్ తప్పనిసరి. ఉప్పుగాలికి, డీజిల్ కరెంటు ఒడుదొడుకులకు తట్టుకునే గది, యూపీఎస్ కూడా టెండరులోనే చేర్చాలి.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో వందలో 13 మంది మాతృభాష తెలుగు. ఆ కుటుంబాల తరఫున కూడా ఈ విన్నపం: బిల్లు చెల్లించే ముందు, అధికారుల ఎదుటే చెన్నై లింకు ఆపి, ఒక సర్వర్ ప్లగ్ పీకి, ఫెరార్గంజ్‌లో ఎక్స్‌రే తెరిపించి చూడండి. తెరుచుకున్నాకే సంతకం పెట్టండి.