రిపోర్టులన్నీ నార్మలే... నెత్తురే ఆగదు!

పసిబిడ్డకు బొడ్డు ఊడినచోట ఒకటి రెండు నెత్తురు చుక్కలు కనిపించడం మామూలే. కానీ తుడిచినకొద్దీ ఊరుతుంటే? ఈరోజు ఆగి, రేపు మళ్లీ మొదలవుతుంటే? 'పచ్చిబొడ్డు కదా, అదే తగ్గుతుంది' అంటూ పెద్దవాళ్లు పసుపు అద్దుతారు. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్షలన్నీ నార్మల్ అంటారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉండొచ్చు. మామూలు పరీక్షలకు చిక్కని జబ్బు ఒకటుంది. అదే ఫ్యాక్టర్-13 లోపం.

కడుతుంది... నిలవదు

గాయమైతే ముందు ప్లేట్‌లెట్లు అడ్డుపడతాయి. తర్వాత ఫ్యాక్టర్లనే ప్రొటీన్లు ఒకదాని వెంట ఒకటి పనిచేసి, ఫైబ్రిన్ పోగులతో వల అల్లుతాయి. ఆ పోగులను ముడివేసి వలను గట్టిపరిచేది 13వ ఫ్యాక్టర్. అది లేకపోతే రక్తం గడ్డకడుతుంది గానీ ఆ గడ్డ నిలవదు. కొన్ని గంటలకో, మర్నాటికో కరిగి మళ్లీ రక్తం కారుతుంది. పీటీ, ఏపీటీటీ పరీక్షలు గడ్డ ఎంతసేపట్లో కట్టిందో చెబుతాయి, ఎంత గట్టిగా ఉందో చెప్పవు. అందుకే ఈ జబ్బులో అవి నార్మల్‌గానే వస్తాయి.

ఈ లోపాన్ని 1960లో స్విట్జర్లాండ్ వైద్యులు తొలిసారి వివరించారు. తీవ్రమైన లోపం సుమారు 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే జబ్బు బయటపడుతుంది. కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో దీని అవకాశం ఎక్కువ. హీమోఫిలియాలా ప్రధానంగా మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ సమానంగా వస్తుంది.

ఎప్పుడు అనుమానించాలి?

* బొడ్డు నుంచి రక్తం ఆగకపోవడం. తీవ్ర లోపమున్న వారిలో దాదాపు 80 శాతం మందిలో ఇది కనిపిస్తుంది.
* దెబ్బ తగిలిన, పన్ను తీయించిన మర్నాడు రక్తం మొదలవడం.
* గాయాలు త్వరగా మానకపోవడం.
* ఆడవాళ్లలో పదేపదే గర్భస్రావాలు.
* తోబుట్టువుల్లో ఎవరైనా పసితనంలో రక్తస్రావంతో చనిపోయి ఉండటం.

అశ్రద్ధ చేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు. సుమారు 30 శాతం మందికి ఈ ముప్పు ఉంటుంది. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, వాంతులు ఆగకపోయినా క్షణం ఆలస్యం చేయొద్దు.

పరీక్ష, చికిత్స

రక్తపు గడ్డను యూరియా ద్రావణంలో వేసి చూస్తారు. తీవ్రమైన లోపముంటే అది కరిగిపోతుంది. తర్వాత ఫ్యాక్టర్ స్థాయిని కొలిచి నిర్ధారిస్తారు. ఒక్క జాగ్రత్త... ప్లాస్మా ఎక్కించకముందే నమూనా తీయాలి. లేదంటే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

జబ్బు అరుదే అయినా మంచి చికిత్స ఉంది. ఫ్యాక్టర్-13 మందు, అది దొరక్కపోతే బ్లడ్‌బ్యాంకులో తయారయ్యే క్రయోప్రెసిపిటేట్ లేదా ప్లాస్మా ఎక్కిస్తారు. ఈ ఫ్యాక్టర్ రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది. అందుకే సాధారణంగా నాలుగు వారాలకోసారి ఎక్కిస్తే చాలు. పిల్లలు బడికి వెళ్తారు, అందరిలానే పెరుగుతారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి మాత్రం వాడకూడదు. కండకు ఇచ్చే ఇంజెక్షన్లు, టీకాల ముందు డాక్టరుకు విషయం చెప్పాలి.

ఒక బిడ్డకు ఉంటే తర్వాతి ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి.

రిపోర్టు నార్మల్ అంటున్నా, బొడ్డు మీద గుడ్డ తడుస్తూనే ఉందా? గుడ్డనే నమ్మండి. 'ఫ్యాక్టర్-13 చూశారా?' అని డాక్టరును అడగండి. ఆ ఒక్క ప్రశ్న బిడ్డ ప్రాణం నిలబెట్టవచ్చు.