గంజాయికి కేసు, మందుకు ఖజానా

హాస్టల్ గదిల గంజాయి దొరికితే కేసు. అదే గదిల దొరికిన మందు సీసా సర్కారుకు ఆదాయం! తెలంగాణల 21 ఏండ్లు నిండనోళ్లకు మందు అమ్మొద్దు. కానీ బెల్టుషాపుల వయసు అడిగెటోడెవ్వడు?

పోరగాళ్ల ఒంట్లె ఈ రెండూ వేరు గావు. మందు తాగి గంజాయి పీలిస్తే గంజాయి మత్తు నెత్తుర్ల ఇంకింత ఎక్కుతది. ఆ మత్తుల బండి తీస్తే ఏమైతదో వేరే చెప్పాల్నా? పడిపోయిన దోస్తును దవాఖానకు తీస్కపోవాలన్నా కేసు భయమే.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంల 64ఏ సెక్షన్ ఉన్నది. కొద్దిపాటి గంజాయితో దొరికిన బానిస తనంత తాను వచ్చి చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు. ఈ ముక్క ఏ కాలేజీ గోడ మీదనన్న రాసిండ్రా? సోదాలకు కుక్కలను తెచ్చే సర్కారు ముందుగాల ప్రతి యూనివర్సిటీ దవాఖానల ఒక మానసిక వైద్యుణ్ని పెట్టాలె. బెల్టుషాపులు మూయాలె.