లైటు వెలిగితే దోషి దొరికినట్టేనా?

మీరు మోటారు సైకిలుకు కొత్త స్పార్క్ ప్లగ్గులు వేయించారనుకోండి. మర్నాడే మీటరు మీద పసుపు రంగు ఇంజను లైటు వెలిగింది. మళ్లీ షెడ్డుకు వెళ్లారు. మెకానిక్కు స్కానరు తగిలించి చూసి, "ఆక్సిజన్ సెన్సారు పోయింది, మార్చాలి" అన్నాడు. అప్పుడు మీరేం చేస్తారు? చాలామంది మారు మాట్లాడకుండా డబ్బు చెల్లిస్తారు. యంత్రమే చెప్పాక కాదనడానికి మనమెవరం అనుకుంటారు. ఈ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

కోడ్ అంటే ఏమిటి?

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాయి. అంతకు ముందు ఎక్కువ బండ్లు కార్బురేటరుతో నడిచేవి. ఈ నియమాల తరువాత వచ్చిన బండ్లలో ఫ్యూయెల్ ఇంజెక్షన్ మామూలైపోయింది. వీటిలో పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. సెన్సార్లు దానికి ఎప్పటికప్పుడు సమాచారం పంపుతాయి. ఆ సమాచారం ఉండవలసిన హద్దుల్లో లేకపోతే ఇ.సి.యు. లైటు వెలిగించి, ఒక సంఖ్యను గుర్తు పెట్టుకుంటుంది. అదే ఫాల్ట్ కోడ్.

ఉదాహరణకు పి 0301 అంటే మొదటి సిలిండరులో మిస్సింగ్ ఉందని అర్థం. పి 0351 అంటే మొదటి ఇగ్నిషన్ కాయిల్ సర్క్యూట్‌లో లోపం ఉందని అర్థం. గమనించండి. ఈ రెండింటిలోనూ "ఫలానా భాగం మార్చండి" అన్న మాట లేదు.

సాక్షినే దోషి అనుకోవద్దు

ప్లగ్గు క్యాపు సరిగా కూర్చోలేదనుకుందాం. నిప్పురవ్వ అప్పుడప్పుడు తప్పిపోతుంది. కాలని పెట్రోలు, వాడని ఆక్సిజన్ రెండూ సైలెన్సరు వైపు వెళ్లిపోతాయి. అక్కడున్న సెన్సారు "ఆక్సిజన్ ఎక్కువగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెబుతుంది. ఇ.సి.యు. దాన్ని "పెట్రోలు చాలడం లేదు" అని అర్థం చేసుకుని ఇంకా పెట్రోలు పోస్తుంది. అయినా లెక్క కుదరకపోతే కోడ్ రాసుకుంటుంది. తప్పు క్యాపుది, పేరు వచ్చింది సెన్సారుది. సెన్సారు మార్చినా లైటు మళ్లీ వెలుగుతుంది. మీ డబ్బు మాత్రం తిరిగి రాదు.

అందుకే ప్లగ్గులు మార్చిన వెంటనే లైటు వెలిగితే, చెయ్యి పడిన చోటనే ముందు వెతకాలి. ఇంజను ఆపి, చల్లారిన తరువాత ఇవి చూడండి:

1. ప్రతి ప్లగ్గు క్యాపు గట్టిగా కూర్చుందా? పల్సర్ ఎన్.ఎస్. 200 వంటి బండిలో ఒక్క సిలిండరుకే మూడు ప్లగ్గులుంటాయి. ఒకటి చూసి వదిలేయకూడదు.

2. పెట్రోలు ట్యాంకు, పక్క ప్యానెళ్లు విప్పినప్పుడు ఏదైనా కనెక్టరు వదులైందా? లోపలి పిన్ను వంగిందా?

3. ప్లగ్గు నంబరు మాన్యువల్‌లో ఉన్నదేనా? ఎన్.జి.కె. ప్లగ్గుల నంబరులో 'ఆర్' అక్షరం ఉంటే లోపల రెసిస్టరు ఉందని అర్థం. అది లేని ప్లగ్గు వేస్తే పుట్టే విద్యుత్ అలజడి ఇ.సి.యు.ను తికమక పెట్టవచ్చు.

4. ప్లగ్గు గ్యాపు సరిగా ఉందా? పింగాణీకి పగులు వచ్చిందా? చెయ్యి జారి కింద పడిన ప్లగ్గును నమ్మరాదు.

వీటిని చూడడానికి పెద్ద ఖర్చు ఉండదు. రెండు సిలిండర్లకు వేరువేరుగా ఒకే రకం కాయిళ్లు ఉన్న బండిలో మరో పరీక్ష ఉంది. కాయిళ్లను అటుదిటు మార్చి, పాత కోడ్ చెరిపి, నడిపి చూడాలి. పి 0301 కాస్తా పి 0302 అయితే కాయిల్‌ను అనుమానించవచ్చు. అయితే ఇంజను నడుస్తుండగా క్యాపు లాగి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. షాకు కొడుతుంది, కాయిల్, ఇ.సి.యు. కూడా దెబ్బతినవచ్చు.

"ఇంత ఓపిక ఎవరికుంది? బండి ఆగితే ఆ రోజు సంపాదన పోతుంది" అని మీరు అడగవచ్చు. పాలు పోసేవారికి, సరుకులు చేరవేసేవారికి అది నిజమే. కాని అక్కరలేని భాగం కొని, మళ్లీ షెడ్డుకు వెళ్తే రెండు రోజుల సంపాదన పోతుంది. లైటును అసలే పట్టించుకోకపోవడం కూడా తప్పే. మిస్సింగ్‌తోనే నడిపితే కాలని పెట్రోలు సైలెన్సరులోని కెటలిటిక్ కన్వర్టరులో మండి దాన్ని పాడు చేస్తుంది. అది చాలా ఖరీదైన భాగం.

బాధ్యత ఎవరిది?

తప్పంతా మెకానిక్కుదే అనడం న్యాయం కాదు. కోడ్‌ల వివరాలు తెలుగులో దొరకడం అరుదు. తెలుగు మాధ్యమంలో చదివి, పనిలోనే పని నేర్చుకున్న మనిషి ఏ పుస్తకం చూసి తెలుసుకోవాలి? బండితో ఇచ్చే పుస్తకంలోనే కోడ్‌ల పట్టిక, వాటికి చేయవలసిన తొలి పరీక్షలు తెలుగులో ఉండాలి. వస్తువు గురించి సమాచారం పొందే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం గుర్తించింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన 'రైట్ టు రిపేర్' పోర్టల్‌లో వాహనాల రంగం కూడా ఉంది. ఆ సమాచారం రోడ్డు పక్క షెడ్డు దాకా, అక్కడివారికి తెలిసిన భాషలో చేరినప్పుడే ఈ హక్కుకు అర్థం ఉంటుంది.

అంతవరకు మీరు చేయగలిగింది ఉంది. భాగం మార్చడానికి ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కోడ్ సంఖ్య ఎంత? ఆ భాగమే చెడిందని ఏ పరీక్షలో తేలింది? తీసిన పాత భాగం నాకు ఇస్తారా? కోడ్‌ను చెరపక ముందే కాగితం మీద రాసుకోండి. మీరే రేపు మెకానిక్కు కావాలనుకుంటే, ఈ ప్రశ్నలను మొదట మీకు మీరే వేసుకోండి. స్కానరును ఎవరైనా కొనుక్కోవచ్చు. అది చూపిన సంఖ్యను పరీక్షించి తేల్చడమే నేర్చుకోవలసిన పని.