10 లీటర్లదా, 16 లీటర్లదా? మన మడికట్లకు ఏ డ్రోన్ సరిపోతది



మందు కొట్టే డ్రోన్ కొందామనుకునేటోళ్లు ముందుగాల అడిగే మాట ఒక్కటే: 10 లీటర్ల ట్యాంకుది తీసుకోవాల్నా, 16 లీటర్లది తీసుకోవాల్నా? ఎట్లైనా లక్షలు పెడుతున్నం, పెద్దదే తెద్దామని చాలామంది ఆశ. నా మాట వేరే. మన గొల్లపల్లి దిక్కు, ఇప్పటికైతే, చిన్నదే మేలు. ఎందుకో లెక్క చెప్త.

డ్రోన్‌తో కొడితే ఎకరానికి సుమారు 10 లీటర్ల నీళ్లు పడతయి. ఎకరం మడికి ఏ డ్రోన్ అయినా ఒక్కసారి లేస్తే చాలు. 2 ఎకరాలకు 20 లీటర్లు, అంటే చిన్నది రెండుసార్లు, పెద్దది కూడా రెండుసార్లే. ఎకరంనర, 3 ఎకరాలు ఒక్క చెక్కగా ఉంటేనే పెద్దదానికి ఒక తిరుగుడు మిగులుతది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణల సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. అదన్నా ఒక్కతాన ఉంటదా? బాయికాడ ఎకరం, కాలువ కింద ఎకరం, చెల్క అర ఎకరం. ఇట్లుంటే రెండు డ్రోన్లకూ మూడు తిరుగుళ్లే.

పక్కపక్క రైతులు కలిస్తే పెద్దది లాభమే కదా అంటరు. నిజమే, కలిస్తే. కానీ ఒకరు ముందు నాటేస్తరు, ఒకరు వెనుక. ఒకరి మడిల మొగి పురుగు, ఇంకొకరి మడిల అగ్గి తెగులు. మందు మారినప్పుడల్లా ట్యాంకు, పైపులు, నాజిళ్లు కడగాలె. గడ్డిమందు కొట్టిన ట్యాంకు సరిగ్గ కడగకుంటే పక్కోని పంట మాడిపోతది. ఆ తగువు ఎన్నేండ్లకు తెగుతదో మీకు తెలుసు.

రెండోది బరువు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 2 కిలోలు దాటి 25 కిలోల దాకా స్మాల్, 25 దాటి 150 కిలోల దాకా మీడియం. మందు, బ్యాటరీ అన్నీ కలిపి చూసే బరువు ఇది. 10 లీటర్లవి ఎక్కువ మటుకు 25 లోపల్నే ఉంటయి, 16 లీటర్లవి దాటుతయి. స్మాల్‌కు తీసుకున్న పైలట్ సర్టిఫికెట్ మీడియంకు చెల్లదు. 18 ఏండ్లు నిండి, పది పాసైన పోరగాన్ని పంపి నేర్పిస్తం. రేపు వాడు దుబాయ్ పోతే? స్మాల్ సర్టిఫికెట్ ఉన్నోడు ఇంకొకడు దొరుకుతడు, మీడియం ఉన్నోడు దొరుకుడు కష్టం. అప్పుడు డ్రోన్ ఇంట్ల, కిస్తీ బ్యాంకుల.

మూడోది బ్యాటరీలు. పని ఆగేది ట్యాంకు చిన్నదై కాదు, చార్జింగ్ అందక. పెద్ద డ్రోన్‌కు బ్యాటరీ పెద్దది, చార్జర్ పెద్దది, జనరేటర్ పెద్దది. వాటికి పెట్టే తేడా పైసలతో చిన్నదానికి అదనపు బ్యాటరీ జతలు కొనుక్కుంటే పొద్దటి పూట గాలి లేని నాలుగు గంటలు ఆగకుండ నడుస్తది. మడి మీద కరెంటు తీగలు, గట్ల మీద తాటిచెట్లు ఉన్నచోట చిన్నదాన్ని మలుపుడు కూడా సులువు.

పెద్దది పనికిరానిదని అంటలేను. మామిడి తోటల్ల దాని గాలి ఆకులను కదిలించి మందును లోపలికి పంపుతది. పెద్ద తోటలు, 50 ఎకరాల ఒకే పంట చేతిల ఉన్నోళ్లు అదే తీసుకోండ్రి. కానీ ఎన్నుమీదున్న వరి మీద కిందికి దింపి నడిపితే అదే గాలి పంటను పడేసే భయముంది.

మహిళా సంఘాల అక్కలకు ప్రత్యేకంగ చెప్తున్న. నమో డ్రోన్ దీదీల 80 శాతం, గరిష్ఠంగ 8 లక్షల దాకా సాయం ఉంది. మిగిలింది సంఘం మీద అప్పే. అందుకే సంతకం పెట్టక ముందు మూడు పనులు చేయుండ్రి. ఊళ్లె ఎవరెవరు కొట్టించుకుంటరో, ఏ చెక్క ఎంతనో కాగితం మీద రాయుండ్రి. టైప్ సర్టిఫికెట్ చూపించమని అడగుండ్రి, అది లేకుంటే ఎంత అగ్గువకిచ్చినా వద్దు. రెక్క విరిగితే, మోటరు కాలితే ఎన్ని రోజుల్ల బాగుచేస్తరో రాసియ్యమనుండ్రి. పురుగు మన రిపేరు కోసం ఆగదు.

కాగితం మీద 3 ఎకరాలు దాటిన చెక్కలే ఎక్కువుంటే పెద్దది కొనుండ్రి, నేను అడ్డం రాను. ఎకరం, అర ఎకరం ముక్కలే ఉంటే మాత్రం ట్యాంకు సైజు చూసి మోసపోకుండ్రి.